వకుళ రాయని నవల

కొడుకు జ్వరంతో పోయాక, వకుళ ఆ దుఃఖాన్నే ఏళ్ల తరబడి కూర్చుని నవలగా రాసింది. దాన్ని అచ్చు వేసేవాళ్లు మాత్రం దొరకలేదు. మనుషులు రాసినవి ఇప్పుడెవరూ కొనడం లేదు, యంత్రాలు రాసినవే కొంటున్నారన్నారు అందరూ. చివరికి కాకినాడలో పుస్తకాలు వేసే ఫణీంద్ర ఒక దారి చెప్పాడు.

“అట్ట మీద యంత్రం పేరు వేద్దామండి. మీరు దానిచేత రాయించానని చెప్పండి, చాలు. లేదంటే ఇది మీ బీరువాలోనే చెదలు పట్టిపోద్ది.”

వకుళ ఏడ్చి ఏడ్చి, ఆఖరికి సరేనంది. బాబు కథ నలుగురూ చదివితే అదే పదివేలనుకుంది.

పుస్తకాల పండగలో రచయితలంతా వేదికెక్కి తమ యంత్రాల గొప్పలు చెప్పుకున్నారు. వకుళ వంతు వచ్చింది.

“మీ యంత్రానికి ఎంతసేపు పట్టింది మేడమ్?” అని సభ నడిపే అమ్మాయి అడిగింది.

“పూట కూడా పట్టలేదండి,” అంది వకుళ. జనం చప్పట్లు కొట్టారు.

ఆమె కిందికి దిగగానే ఒక పెద్దావిడ నవలను గుండెకు హత్తుకుని ఎదురొచ్చింది.

“మా పిల్ల పోయినప్పుడు నేనూ ఇంతేనమ్మా. ఇందులో తల్లిలాగే, దాని గౌను ఉతక్కుండా దాచుకున్నాను. యంత్రానికెలా తెలిసిందో!”

ఆ తల్లి నేనేనని చెప్పబోయింది వకుళ. పక్కనే ఫణీంద్ర నిలబడి చూస్తున్నాడు.

“అందరి కష్టాలూ చదివి నేర్చుకుంటుందండి,” అంది.

పెద్దావిడ కళ్లు తుడుచుకుని ఆమె చెయ్యి పట్టుకుంది.

“పోన్లే తల్లీ. ఇదంతా నిజంగా ఎవరికీ జరగలేదు కదా. అదొక్కటే నాకు ఊరట.”

ఆ చెయ్యి వదలలేక, “అవునండీ,” అంది వకుళ.