రెండో సీసా

"మీ నాన్నగారిని ఈ బెంచీ మీద కూర్చోబెట్టండి" అంది ఉషారాణి.

శిబిరం ఎక్కడో అడగడానికి ఆటో దిగి వరండా ఎక్కిన మనిషి వెనక్కి తిరిగాడు. దూరంగా ఆటోలో తల వాల్చుకుని ఉన్న నారాయణమూర్తి వైపు చూశాడు. నవ్వాడు.

"అలగే తల్లీ."

జలంత్రకోట బడిలో రక్త నమూనాల శిబిరానికి అది ఆఖరి రోజు. ఉషారాణి ఆ పరిశోధన బృందంలో నర్సు. పుట్టినరోజు చెప్పే వయసు కాక, ఒంటికి లోలోపల పడిన వయసు ఎంతో తెలుసుకోవడం వాళ్ల పని.

జన్యువులు పుట్టుకతో వచ్చిన రాత. ఆ రాతలో ఏ వాక్యం పైకి చదవాలో, ఏది మౌనంగా ఉంచాలో తెలిపే గుర్తులను మాత్రం తినే తిండి, పోయే నిద్ర, పడే శ్రమ, మోసే దిగులు కొంత కొంతగా పెడుతూ పోతాయి. ఒకే రాతతో పుట్టి వేర్వేరు ఇళ్లలో పెరిగిన కవలలు దొరికితే, ఆ గుర్తులను విడిగా చూడవచ్చు.

నారాయణమూర్తికి అలాంటి తోబుట్టువు ఉన్నాడు. అంతకుముందు పుట్టిన బిడ్డలెవరూ దక్కకపోవడంతో, మృత్యువు కళ్లు కప్పడానికి కవలల్లో ఒకడిని చేటెడు తవుడుకు బారువ వైపు జాలరి ఇల్లాలికి అమ్మారు. అమ్మకం ఆచారానికే. కానీ కన్నతల్లికి ఇద్దరికీ చాలినన్ని పాలు లేవు. ఆ బిడ్డ అక్కడే ఉండిపోయాడు.

అతని రక్తం కోసమే ఉషారాణి పొద్దుటి నుంచి రెండో సీసా సిద్ధంగా ఉంచుకుంది.

నారాయణమూర్తికి అరవై దాటి ఎన్నో ఏళ్లు కాలేదు. చూపులకు ఎనభై. డయాలసిస్ కోసం సూదులు గుచ్చే చేయి వదిలి, రెండో చేతి నుంచి రక్తం తీసిందామె.

"తుపానుకి తోట పడిపోనాది కదమ్మా. మల్లీ కొబ్బరి మొక్కలేసినాను. నానే నీల్లు పోత్తన్నాను."

"పోయండి తాతగారూ."

"కాపు సూత్తానో నేదో, ఈ రక్తం సెప్పుద్దా?"

ఉషారాణి సూది తీసి దూది అదిమింది. "కాసేపు పడుకోండి" అంది.

బయట ఆ మనిషి నారాయణమూర్తి చెప్పుల్లోని ఇసుక దులుపుతున్నాడు. నల్లని జుట్టు, బిగువు సడలని భుజాలు.

"ముక్కు అచ్చం నాన్నగారిదే" అంది ఉషారాణి.

"ఒకే అచ్చు తల్లీ."

"ఇంత గట్టిగా ఉన్నారు, ఏం తింటారు?"

"పొద్దున్న చోడంబలి, మధ్యాన్నం సేప, సీకటి పడితే నిద్దర. ఇంతే నా పురానం."

"ఆయనకూ అలాగే జరిగుండాల్సింది."

అతని నవ్వు సన్నగిల్లింది. "ఆయనకి నిద్దరేదమ్మా? ఇంటి బరువంతా ఒక్కడే మోసినాడు. ఇద్దరు మొయ్యాల్సింది."

"ఆయన కవల తోబుట్టువు ఇంకా రాలేదేం?"

"ఆడితో ఏటి పని?"

"తిండి, నిద్ర, దిగులు లోపల పెట్టిన గుర్తులతో ఇద్దరి ఒంటి వయసులూ లెక్కగట్టి, పక్కపక్కన పెట్టి చూస్తాం. ఒకేలా పుట్టినవాళ్లలో బతుకు ఎంత తేడా తెచ్చిందో తెలుస్తుంది."

"ఆ తేడా ఆయనకి సెప్పేత్తారా?"

"అడిగితే చెప్పాలి."

"అడుగుతాడు. మొక్కలేసినాడు కదా, తప్పకండా అడుగుతాడు."

చెప్పులు రెండూ జతగా గడప పక్కన పెట్టాడు.

"ఆడు రాడు తల్లీ. ఏటకెల్లిపోనాడు. ఈపాటికి సముద్రంలో ఉంటాడు."

ఉషారాణికి కోపం వచ్చింది. "తోడబుట్టినవాడి కోసం ఒక్క పూట చేపల వేట మానుకోలేడా? ఏం మనిషండీ!"

"సెడ్డోడు" అన్నాడతను ఏమాత్రం నొచ్చుకోకుండా. "మరి ఒక్క సీసాయే అయితే?"

"జత లేనిది లెక్కలోకి రాదు. పరీక్ష చెయ్యం, అంకె రాదు."

అతను ఊపిరి వదిలాడు.

"ఆ గుర్తులేవో పడతాయన్నావు. ఒకపాలి పడితే అంతేనా?"

"అన్నీ కాదు. సరైన తిండి, నిద్ర, దిగులు తగ్గడం... వీటితో కొన్ని కాస్త వెనక్కి తిరగవచ్చని అంటున్నారు. తేలాల్సింది ఇంకా ఉంది."

"అయితే ఆ ముక్క సెప్పు తల్లీ ఆయనకి. అంకెలెవుడిక్కావాల?"

ఉషారాణి లోపలికి వెళ్లి ఆ ముక్క చెప్పింది. ఇది శాస్త్రమా, ఓదార్పా అని తనలో తాను తర్కించుకుంటూనే చెప్పింది.

నారాయణమూర్తి పైకప్పు వైపు చూస్తూ విన్నాడు. "అయితే సాయంకాలం నీల్లు పోసేత్తాను" అన్నాడు, ఎవరో అడ్డుపడుతున్నట్టు.

ఎండ వాలింది. సీసాలు మంచుపెట్టెలోకి చేరాయి. జీడిపప్పు పని నుంచి నేరుగా వచ్చిన నారాయణమూర్తి భార్య రాజులమ్మ మెట్టు మీద కూర్చుంది.

ఆ మనిషి నారాయణమూర్తిని పసిబిడ్డలా రెండు చేతుల మీద ఎత్తుకుని బయటికి వచ్చాడు.

రాజులమ్మ గబుక్కున లేచింది. పైట భుజం నిండా కప్పుకుని, తల వంచుకుని గోడవారగా ఒదిగింది. అతను దాటి వెళ్లేదాకా కదలలేదు. అతను నారాయణమూర్తిని వెనక సీట్లో పదిలంగా కూర్చోబెట్టి, తాను డ్రైవరు పక్కకు చేరాడు. అప్పుడు గానీ ఆమె ఆటో దగ్గరకు నడవలేదు.

ఉషారాణికి నవ్వొచ్చింది. "కొడుకు ఎదురొస్తే అలా లేచి తప్పుకుంటారేంటమ్మా?"

"కొడుకేటమ్మా!"

రాజులమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆటో ఎక్కింది. ఆటో కదిలింది. ఆమె తల బయటికి పెట్టి, ఇంజను చప్పుడు మీదుగా చెప్పింది.

"మా బావగోరు, ఈయన కన్నా గడియ ముందు పుట్టినోరు, తవుడుకి అమ్మేసినది ఆయన్నే, తమ్ముడి కోసమని ఇయ్యాల ఏట మానుకోని వచ్చినారు!"