ట్యాంకు మూత

దుర్గగుడి ఫ్లైఓవర్ సగం ఎక్కి మా లారీ ఆగిపోయింది.

పైన మినుముల బస్తాలు. వెనక ఊరంతా హారన్లు.

క్యాబిన్లో నేను, మా ఆయన దుర్గాశంకర్, మధ్యలో రఫీ. ఇంజను శబ్దం వినడానికే వచ్చాడు రఫీ. ఆగిన మరుక్షణం కిందికి దూకేశాడు.

ఆ బండి కంపెనీలో పుట్టింది కాదు. చల్లపల్లిలో మా మగ్గం గుంట పూడ్చి, ఆ షెడ్డులోనే వీళ్లిద్దరూ కలిసి కట్టారు. ఛాసిస్ ఒక లారీది, ఇంజను ఇంకోదానిది, టర్బో మరోదానిది.

రఫీది ఆటోనగర్‌లో మెకానిక్ షెడ్డు. ప్రతి ఆదివారం మొదటి బస్సుకి వచ్చేవాడు. మా అత్తయ్య కొసరి కొసరి వడ్డిస్తే తినేవాడు. అలా రెండు వేసవులు గడిచాయి.

బండి ఖాళీగా తిప్పితే చక్కగా పరిగెత్తేది. లోడు వేసి ఎత్తు ఎక్కిస్తే చచ్చిపోయేది. కాసేపాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు మళ్లీ లేచేది.

రఫీ ఫిల్టరు మార్చాడు. గొట్టాల్లో గాలి తీశాడు. పంపు విప్పి బిగించాడు. టర్బో పైపులకి సబ్బునీళ్లు రాసి, బుడగలొస్తాయేమోనని కళ్లప్పగించి కూర్చున్నాడు.

"ఇంజనుది కాదు వదినా, టర్బోదీ కాదు. డీజిల్ అందట్లా. ట్యాంకు దించి చూడాల" అన్నాడు.

అత్తయ్య ఒప్పుకోలేదు.

"పూజ చేయించిన బండిరా. మండలం రోజులు దాటకుండా దాని కడుపు విప్పకూడదు."

అమ్మ మాట మా ఆయన జవదాటడు. లోడు మాత్రం మానలేదు. మండలం లోడుకి అడ్డం రాలేదు మరి.

అలా వచ్చి ఫ్లైఓవర్ మీద పడ్డాం.

"నీ టర్బో పిచ్చికి నా బండి నాశనమైపోయింది" అన్నాడు మా ఆయన, ఆగిన వాళ్లందరూ వింటుండగా.

"ఒక్కసారి ట్యాంకు దించనియ్యి అన్నా. దాంట్లో లేకపోతే జన్మలో మళ్లీ పానా పట్టను."

"పట్టొద్దు. పో."

సాయంత్రానికి లారీ ఓనర్ల వాట్సాప్ గ్రూపులో మా ఆయన గొంతు.

"ఆటోనగర్ రఫీ దగ్గరికి ఎవరూ బండి తీసుకెళ్లమాకండి. నా గతి చూశారుగా."

చూశారు. రఫీ షెడ్డుకి బళ్లు తగ్గాయి, తర్వాత అసలే మానేశాయి. వన్ టౌన్‌లో వాళ్ల చిన్నాన్న చెప్పుల కొట్లో కూర్చుంటున్నాడని విన్నాం.

"మనది కాని చెయ్యి పడింది బండి మీద. నేను ముందే అనుకున్నా" అంది అత్తయ్య.

ఆ చెయ్యి ఆదివారాలు ఆవిడ పెట్టిన ముద్ద కలుపుతున్నప్పుడు మరి ఎవరిదో.

మండలం దాటింది. మా ఆయన ఒక్కడే ట్యాంకు దించాడు. నేను తొట్టి పట్టుకున్నాను.

డీజిల్ లాగే గొట్టం బయటికి తీశాడు. దాని చివర వడపోత జాలీకి నాలుగు బియ్యపుగింజలు, ట్యాంకు అడుగున గుప్పెడు.

పసుపు ఇంకా పూర్తిగా వెలిసిపోలేదు.

అక్షింతలు.

పూజ రోజు అత్తయ్య బండి చుట్టూ తిరిగి చల్లడం చూశాను. మూత తీసి దాని కడుపులోనూ గుప్పెడు పోసిందని ఇప్పుడు తెలిసింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను గట్టిగా పీల్చేసరికి గింజలన్నీ జాలీకి అతుక్కునేవి. ఇంజను ఆగితే రాలిపోయేవి.

రఫీ చెప్పిన చోటే ఉంది.

 మా ఆయన వాటిని గుడ్డలో మూటకట్టి కాలవలో పడేసి వచ్చాడు.

"గ్రూపులో ఒక్క మాట పెట్టండి" అన్నాను.

"ఏమని? మా అమ్మ ట్యాంకులో బియ్యం పోసిందనా? నలుగురూ నవ్వరూ?"

"అదేం వద్దు. రఫీ తప్పు లేదని చెప్పండి, చాలు."

"నువ్వు లోపలికి పో."

నాకు ఒళ్లు మండిపోయింది. లోపలికెళ్లి నేనే రఫీకి ఫోన్ చేశాను. అంతా విన్నాడు.

"వదిలెయ్ వదినా. నువ్వు చెబితే నాకొక్కడికే తెలుస్తది. గ్రూపులో ఉన్నది మా అన్న గొంతు."

ఫోన్లో వెనక ఎవరో ఎనిమిదో నంబరు చెప్పులు అడుగుతున్నారు. పెట్టేశాడు.

తర్వాతి లోడుకి బండి ఫ్లైఓవర్ ఆగకుండా ఎక్కి దిగింది. టర్బో ఈల వేసుకుంటూ ఇంటికొచ్చింది.

"చూశావా రేణుకా? ఆ చెయ్యి పోయింది, పీడా పోయింది" అంది అత్తయ్య.

మా ఆయన విన్నాడు. చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఆవిడ లోపలికెళ్లి పళ్లెం పట్టుకొచ్చింది. హారతి ఇచ్చింది. టైర్లన్నిటికీ బొట్లు పెట్టి, ట్యాంకు దగ్గర ఆగింది.

"పోయినసారి నేనే తీశాను. ఇప్పుడు బిగుసుకుపోయింది. మూత తియ్యరా."

ఆయన నా వంక చూడలేదు.

తీశాడు.

అత్తయ్య కళ్లు మూసుకుని, అమ్మవారిని తలుచుకుని, గుప్పెడు వేసింది.

గింజలు లోపలికి పోలేదు. మూత కింద కొత్తగా బిగించిన సన్న జాలీ ఒకటుంది. దాని మీదే పచ్చగా ఆగాయి.

ఆవిడ కళ్లు తెరిచేలోపే ఆయన మూత పెట్టేశాడు.