రేవులో కాపలా

"ఆడ గొడవలైతే మా సాగర్‌ను కాపాడేదెవరని అడగమను. ఒక్క ముక్క. నోరేం అరిగిపోదు కదా మీ సార్‌కు?"

ఆళ్లగడ్డ నుంచి తల్లి రత్నమ్మ గొంతు ఫోన్లో ఖంగుమంది. నంద్యాలలో ఎంపీగారి ఆఫీసు వరండాలో నిలబడ్డ ఎజ్రా ఫోను చెవికి కాస్త దూరంగా జరిపాడు.

"అడిగిస్తాలేమ్మా. ఈ పొద్దు ఢిల్లీ నుంచి ఆఫీసరే వస్తాండాడు."

ఎజ్రా రాజ్యసభ సభ్యుడు ఓబులపతికి పీఏ. మిత్రదేశాలకు యుద్ధనౌకలు అమ్మే ముందు మంచీచెడ్డా చూసే పార్లమెంటు కమిటీలో ఓబులపతి సభ్యుడు. చేరిన నాటి నుంచి ఆ కమిటీలో ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే, ఏసీ కాస్త తగ్గిస్తారా అని.

ఇప్పుడు ఓ చిన్న ద్వీప దేశానికి గస్తీ నౌకలు అమ్ముతున్నారు. వాటి మరమ్మతులకు ఆ దేశపు రేవులో మన నౌకాదళమే ఒక కేంద్రం కడుతుంది. మన నావికులు రెండేళ్లు అక్కడే ఉండాలి. వాళ్లలో ఎజ్రా తమ్ముడు ప్రేమ్ సాగర్ ఒకడు. కిందటేడు ఆ రేవుకు వెళ్లినప్పుడు ఊళ్లో అల్లర్లు లేచి, సాగర్ వాళ్లు నౌక దిగలేక వారం రోజులు బిస్కెట్లతో బతికారు. రత్నమ్మ భయం అదీ.

ఎజ్రా లోపలికెళ్లి ప్రశ్న చదివి వినిపించాడు.

"బాగుందప్పా," అన్నాడు ఓబులపతి, బాగున్నదేమిటో వినకుండానే. "నా మనసు మాత్రం నాయన మీదనే ఉంది."

నాయన ఆళ్లగడ్డలో, శిల్పి సంజీవయ్య షెడ్డులో, నీలం టార్పాలిన్ కింద ఉన్నాడు. బస్సు ఆపుతున్నట్టు చెయ్యెత్తిన నారాయణప్ప నిలువెత్తు రాతి విగ్రహం. రోడ్ల మీద విగ్రహాలు కుదరవని ఆళ్లగడ్డలో వద్దన్నారు, నంద్యాలలో వద్దన్నారు, ఆఖరికి చాగలమర్రి హైవే పక్కన కూడా వద్దన్నారు. దేశాన్ని ఏలే మనిషికి తండ్రిని నిలబెట్టేంత జాగా దొరకలేదు.

ఢిల్లీ ఆఫీసరు అజయ్ కుమార్ తెలుగువాడే. నోరు విప్పని సభ్యుడు ప్రశ్న వేయబోతున్నాడని తెలిసి పరుగున వచ్చాడు. రేవు పటం టేబుల్ మీద పరిచి, వర్క్‌షాపు, ఆయిలు ట్యాంకులు, క్వార్టర్సు చూపించాడు. ఓబులపతి రెండుసార్లు ఆవలించాడు. మూడోసారి నోరు తెరిచి, అలాగే ఆగాడు.

"సముద్రం పక్క ఈ ఖాళీ ఏంది?"

"స్నేహవనం సార్. నాలుగు మొక్కలు నాటతాం."

ఓబులపతి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఆడ మనం పెట్టిన వాటికి భూమి హక్కు ఎవరిది?"

ఆఫీసరు ఉలిక్కిపడ్డాడు. "మనదే సార్. దీర్ఘకాలం లీజు."

"రేపు ఆ దేశంలో ప్రభుత్వం మారి, కొత్తోళ్లొచ్చి అన్నీ పీకి పారేస్తామంటే?"

"పీకకూడదని ఒప్పందంలో రాయిస్తాం సార్."

"అల్లర్లయితే? రాళ్లేస్తే? కాపలా ఎవరు?"

ఎజ్రా చటుక్కున తలెత్తాడు. అమ్మ ప్రశ్నే!

"అక్కడి పోలీసులు సార్..."

"పోలీసులా!" ఓబులపతి బల్ల చరిచాడు. "ఆ కాపలా నేనొప్పుకోను. మన నావికులే ఉండల్ల. తుపాకులతో. రేయింబవళ్లు. ఏం జరిగినా ఆడ్నుంచి కదలగూడదు. అది ఒప్పందంలో రాసి తెస్తేనే కమిటీలో నేను నోరు మూసుకునేది."

ఆఫీసరు చెమట తుడుచుకుని, "రాయిస్తాం సార్," అన్నాడు.

"ఎజ్రా, నువ్వు కాస్త బయటికి పోప్పా. ఇంక దేశ రహస్యాలు."

కమిటీ సమావేశం జీడిపప్పు అయిపోయేదాకా జరిగింది. ఆ నౌకలు ఎవరి మీదికి పోతాయని ఎవరూ అడగలేదు. నివేదిక ఏకగ్రీవం. ఓబులపతి పట్టుబట్టి సాధించిన కాపలా షరతు గురించి పేపర్లు రాశాయి. 'నిద్రపోని కన్ను' అని ఒకటి శీర్షిక పెట్టింది, పక్కన ఆయన కళ్లు మూసుకున్న ఫోటో వేసి.

రత్నమ్మ చర్చిలో ఆయన పేరున ప్రార్థన చేయించి, ఓళిగలు చేసి పంపింది. అవి తింటున్న ఓబులపతిని ఎజ్రా అడిగాడు.

"మరి పెద్దాయన విగ్రహం సంగతి సార్?"

"వదిలెయ్యప్పా. ముందు దేశం."

ఎజ్రా కళ్లు చెమర్చాయి. ఇలాంటి మనిషినా ఇన్నాళ్లూ లోపల లోపల తిట్టుకున్నది?

సాగర్ ఆ రేవుకు వెళ్లిన కొన్ని నెలలకు, ఓ ఆదివారం ఎజ్రా ఆళ్లగడ్డలో ఇంటికి వెళ్తూ సంజీవయ్య షెడ్డు దగ్గర ఆగాడు. టార్పాలిన్ మడతపెట్టి ఉంది.

"విగ్రహం యాడ సంజీవయ్యా?"

"రెండు నెల్ల కిందట్నే లారీ తెచ్చి ఎత్తుకపోయిరి. యాడికని నేనడగలే, వాళ్లు చెప్పలే."

ఏ గోడౌన్‌లో పడేశారో పాపం అనుకున్నాడు ఎజ్రా. దేశం కోసం తండ్రిని మూలన పెట్టిన మనిషి!

ఇంటికెళ్లేసరికి రత్నమ్మ గడపలోనే ఫోను చేతికిచ్చింది. "సాగర్ ఏందో పంపినాడు, చదువు నాయనా."

"అన్నా, ఈడ మళ్లీ గొడవలు. అందర్నీ నౌక ఎక్కించి పంపించేసినారు. నన్ను మాత్రం కదలొద్దన్నారు. ఏం జరిగినా కాపలా విడవగూడదని ఒప్పందంలో ఉందంట. ఎవరు రాయించినారో ఆ మహానుభావుడు!"

"అందర్నీ పంపిచ్చి నా బిడ్డనొక్కన్నే పెట్టుకున్నారా?" రత్నమ్మ ఫోను మీదికి వంగింది. "దేనికంట రా కాపలా?"

కింద ఫోటో ఉంది. ఎజ్రా వేళ్లతో పెద్దది చేశాడు. ఎండకు కమిలిన ముఖం, భుజాన తుపాకీ, వెనక సముద్రం. ఫోటోను మెల్లగా పక్కకు జరిపాడు.

తమ్ముడి పక్కన, బస్సు ఆపుతున్నట్టు చెయ్యెత్తి, నారాయణప్ప నిలబడి ఉన్నాడు.