తన తరఫున

“మీ గురించి మీరే చెప్పండి,” అంది కౌన్సెలర్.

“తనకేం తెలుసు మేడం, నేను చెప్తాను,” అంది తోడు వచ్చినామె, కుర్చీ ముందుకు లాక్కుంటూ.

కొత్త విద్యార్థిని తెరవబోయిన నోరు మూసేసింది.

ఆ కాలేజీలో అదొక పద్ధతి. కొత్తగా చేరేవాళ్లు సబ్జెక్టు ఎంచుకునే ముందు ఈ గదిలో కూర్చుని తమ గురించి తాము చెప్పుకోవాలి. తనను తాను ఎరగని మనిషికి ఏ చదువూ ఒంటబట్టదని ప్రిన్సిపాల్ నమ్మకం. అందుకని గోడకి నిలువుటద్దం కూడా పెట్టించాడు. వచ్చినవాళ్లంతా అందులో జుట్టు సర్దుకుని పోతుంటారు.

సబ్జెక్టు తేల్చుకోవడానికి ఇవాళే ఆఖరు. ఒకసారి ఖాయమైతే చదువు పూర్తయ్యేదాకా మార్చరు.

“ఏం చదవాలనుకుంటున్నారు?”

“జియా...”

“హోమ్ సైన్స్,” అంది తోడు వచ్చినామె. “సుఖమైన చదువు. ఇంటిపని చూసుకుంటూనే చదువుకోవచ్చు. రేప్పొద్దున తను ఉద్యోగాలు చెయ్యాలా, ఊళ్లేలాలా?”

“తనని చెప్పనివ్వండి.”

“అయ్యో, నేను అడ్డమొచ్చానా? ఎవరి మాటకీ అడ్డు రాని మనిషిని మేడం నేను. నా గురించి నాకు బాగా తెలుసు. ఆత్మపరిశీలన అంటారే, అది నాకు కాస్త ఎక్కువే.”

కౌన్సెలర్ విద్యార్థిని వైపు తిరిగింది. “మీలో మీకు కనిపించే లోపాలేమిటి?”

“ఒకటా రెండా!” తోడు వచ్చినామె గొంతు సవరించుకుంది. “రోడ్డు దాటాలంటే నేను చెయ్యి పట్టుకోవాలి. ఫోన్లో ఎవరేం పంపినా నమ్మేస్తుంది. బజారుకెళ్తే కొనాల్సింది మర్చిపోయి రాళ్లేరుకొస్తుంది. కిటికీ నిండా రాళ్లే! పారబోసి పారబోసి నా చేతులు పడిపోతున్నాయనుకోండి. ఈ చదువు సరదా కూడా రెణ్ణాళ్ల ముచ్చటే. ఈ వయసులో పుట్టే సరదాలు నాకు తెలీవా? ఏయ్, గుప్పిట్లో ఏంటది? మళ్లీ రాయేనా? పారెయ్ ముందు!”

గుప్పిలి ఇంకా బిగుసుకుంది.

“మీరు కాసేపు బయట కూర్చోండి,” అంది కౌన్సెలర్.

“నేను లేకపోతే తనకి నోరు పెగలదు మేడం.”

“ఫరవాలేదు.”

తలుపు మూసుకుంది. నోరు పెగిలింది.

“నాకు జియాలజీ కావాలి మేడం.”

విద్యార్థిని గుప్పిలి విప్పింది. నల్లటి గులకరాయి. దాని నడుమ దారమంత తెల్లటి గీత.

“మీ గేటు దగ్గర దొరికింది. ఈ గీత రాతిలోకి ఎలా దూరిందో తెలుసుకోవాలి. లెక్కల్లో నేను మందకొడిని. ఒకసారి చెబితే ఎక్కదు. ఎక్కిందంటే చచ్చినా దిగదు. తొందరపెడితే తప్పులు చేస్తాను. అరిస్తే అసలేమీ వినపడదు. కానీ ఓపికుంది. ఒక్క రాయిని పూటంతా చూస్తూ కూర్చోగలను.”

కౌన్సెలర్ కలం పక్కన పెట్టింది. పొద్దుటి నుంచి ఈ గదిలోకి వచ్చినవాళ్లందరికీ ఉన్న లోపం ఒక్కటే: అతిగా కష్టపడటం.

“జియాలజీ,” అంటూ కంప్యూటర్లో నొక్కేసింది. “ఖాయం. మరి ఇంట్లో గొడవవదూ?”

“ఎందుకవదు? రెండ్రోజులు మూతి ముడుచుకుంటుంది. మూడోనాడు తనే నా సంచిలో మంచినీళ్ల సీసా పెడుతుంది.”

బయట వరండాలోంచి గొంతు వినిపిస్తోంది. కుర్చీలు ఏ వరసలో వెయ్యాలో ప్యూనుకి పాఠం చెబుతోంది.

కౌన్సెలర్ నవ్వాపుకుంది. “మీ గురించి మీకింత తెలుసు కదా. ఆవిడ అలా వాయించేస్తుంటే ఒక్క మాటా అనరేం?”

విద్యార్థిని రాయిని సంచిలో భద్రంగా వేసుకుని లేచింది.

“ఏమని అనను మేడం, మా అమ్మాయికి మాటలు రాని రోజుల్లో దాని తరఫున అన్నీ నేనే చెప్పేదాన్ని, మాటలొచ్చాక కూడా మానలేదు!”