తొమ్మిదో శవయాత్ర

ఎస్సైగారి దగ్గర ఊరేగింపుకు అనుమతి తీసుకోవాలి. పెట్టెకు నల్లరంగు వేయించాలి. ప్రార్థన చేయడానికి ఉపదేశి ఎలీషాగారికి కబురు పెట్టాలి. బంతిపూలు, కొవ్వొత్తులు, రెండు పారలు తేవాలి. దీక్షా శిబిరం బోర్డు మీద 412 చెరిపి 413 వేయాలి.

హెలెన్ ఒక్కొక్కటీ చేసి కాగితం మీద కొట్టేసుకుంటూ వచ్చింది. మిగిలింది మొదటిదే.

అణువ్యర్థాలు పూడ్చడానికి ఊరి సమాధుల తోటతో సహా నలభై ఎకరాలు తీసుకున్నారు. ఆర్నెల్లుగా అక్కడ ఎవరినీ పాతిపెట్టకూడదని ఆర్డరు. ఎవరు పోయినా పామర్రు తీసుకెళ్లాల్సిందే. దానికి నిరసనగా శిబిరంవాళ్లు పెట్టెలో గడ్డిబొమ్మను పెట్టి శవయాత్రలు చేస్తున్నారు. రేపు గేటుకు తాళం పడుతుంది. హెలెన్ తల్లి శౌరమ్మ సమాధి లోపలే ఉంది.

గేటు దగ్గర ఎస్సై వెంకటసుబ్బారావు అర్జీ చదివి నవ్వాడు.

"మళ్లీ శవయాత్రేనా? ఎన్నోదమ్మా ఇది?"

"తొమ్మిదోదండి. ఇదే ఆఖరు."

"పోయినసారి పెట్టె మీద ఆఫీసరుగారి పేరు రాసి మా ప్రాణం తీశారు."

"ఈసారి ఎవరి పేరూ రాయలేదండి."

పెట్టె మోస్తున్న జాన్‌బాబు భుజం మార్చుకున్నాడు.

"అంత బరువేంటయ్యా?"

"ఇసుక నింపామండి," హెలెనే చెప్పింది. "గడ్డిబొమ్మయితే జనం నవ్వుతున్నారు."

ఎస్సై లాఠీతో పెట్టె మీద రెండుసార్లు తట్టాడు. హెలెన్ ఆ లాఠీనే చూస్తూ నిలబడింది.

"గొయ్యి కూడా తవ్వుతారా?"

"అర్జీలో రాశానండి. దించి, మట్టి వేసి వచ్చేస్తాం."

"ఎమ్మే చదివినదానివి, అన్నీ రాసే పెడతావు. మీ నాన్న ఏసుపాదంగారేరీ? శిబిరం పెట్టిన మనిషి, ఆఖరిరోజు ముందుండొద్దూ?"

"బెజవాడ ఆసుపత్రి నుంచి నిన్ననే తీసుకొచ్చామండి."

"పోన్లే, రెస్టు తీసుకోనీ. అది సరే, ఏడ్చేవాళ్లేరీ? పోయినసారి దానమ్మ రోడ్డు మీద పడి పొర్లితే మా కానిస్టేబులుక్కూడా కళ్లనీళ్లొచ్చాయి!"

దానమ్మ తల దించుకుంది. ఎవరూ నవ్వలేదు.

"నాలుగొందల రోజులైందండి," అంది హెలెన్. "అలిసిపోయారు."

ఎస్సై అరగంట టైమిచ్చాడు.

శౌరమ్మ సమాధి పక్కనే గొయ్యి తవ్వారు. ఎలీషా పెదవులు కదిపాడే గానీ మాట పైకి రాలేదు. హెలెన్ పిడికెడు మట్టి వేసింది. మట్టి చల్లగా ఉందో వేడిగా ఉందో ఆమెకు తెలియలేదు.

"ఇక కానివ్వండమ్మా!" గేటు దగ్గర్నుంచి ఎస్సై కేకేశాడు.

"అయిపోయిందండి."

నేల చదును చేశారు. సిలువ పెట్టలేదు, పేరు రాయలేదు.

ఆ పెట్టెలో ఉన్న ఏసుపాదాన్ని మీరైనా గుర్తుపెట్టుకోండి.