పైన్ చెట్టు కింద చోటు

సంచిలో ఫ్లాస్కు చూసి కొండ కింది గేటు కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"బయటి తిండి లోపలికి తేకూడదమ్మా. కొత్త యజమానుల రూలు."

"తిండి కాదు నాయనా, మా ఆయన," అంది వెర్నా.

వాడు మూత తీసి చూశాడు. బూడిద! గబుక్కున మూసేసి దారి వదిలాడు.

పోయేముందు ఎల్డన్ ఒక్కటే అడిగాడు. కొండకొమ్మున, పెళ్ళికి వెర్నా 'సరే' అన్న పైన్ చెట్టు మొదట్లో తన బూడిద పొయ్యాలని. వెర్నా మాటిచ్చింది. మోకాళ్ళ నొప్పులతో కొండ ముఖం చూడక మూడేళ్ళయినా, ఆ మాట కోసమే బయలుదేరింది.

లోపల అడుగు పెట్టగానే ఒళ్ళు మండింది. ఒకప్పుడు బడి వదలగానే ఊరి పిల్లలంతా కాళ్ళకు స్కీ పలకలు తగిలించుకుని జారే మంచువాలు మీద ఇప్పుడు ఊరివాడు ఒక్కడూ లేడు. బఠాణీ సూపు పోసే గుడిసె పీకేసి అద్దాల హోటలు పెట్టారు. కొండకు కూడా కంపెనీ పేరే తగిలించారు. ఛీ, వీళ్ళ మొహాలు మండ!

పైకెళ్ళే కుర్చీ లిఫ్టులో పొరుగూరి వడ్రంగి గార్త్ పక్కన కూర్చున్నాడు. ఆమె ఎవరో ఏమిటో తనకు తెలియకపోయినా, ఫ్లాస్కు సంగతి విని కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత తిట్లకు దిగాడు.

"ఒకడు కొంటాడు, పీల్చి పిప్పి చేస్తాడు, ఇంకోడికి అంటగడతాడు. ఇప్పుడున్నవాళ్ళు మూడోవాళ్ళు అక్కగారూ! వీళ్ళని అని ఏం లాభం? మొదట అమ్మినవాడున్నాడే, వాణ్ణనాలి!"

"అనాలి."

"ఊరికి చెప్పాపెట్టకుండా అమ్ముకున్నాట్ట, దొంగసచ్చినోడు. వాడికి పుట్టగతులుండవు."

"ఉండవు తమ్ముడూ," అంది వెర్నా.

పైన దిగి చూస్తే చెట్టు లేదు. మొదలంటా నరికేసి, సరిగ్గా అక్కడే చలువరాతి మరుగుదొడ్డి కట్టారు. వెర్నా సంచిలోంచి ఫ్లాస్కు తీసింది.

"అయ్యో! పోనీ, ఆ పక్క చెట్టు కింద పొయ్యండి అక్కగారూ," అన్నాడు గార్త్.

"వద్దు. ఆయన అడిగింది ఈ చోటే."

వెర్నా లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది.

"నువ్వు అమ్ముకున్న కొండే కదా ఎల్డన్, హాయిగా ఉండు," అంటూ ఫ్లాస్కును కమోడ్‌లోకి వంచి, నీళ్ళు వదిలింది.