బంగారం ఊగిన ఉయ్యాల

ఖాళీ ఉయ్యాల ఊపితే ఇంటికి మంచిది కాదంటుంది పోశవ్వ. ఊపి చూడకుండా పిల్లను ఎక్కించేది లేదంటాడు ఆమె కొడుకు మహిపాల్. మధ్యలో అతని కూతురు, ఆరేళ్ల కావ్య, ఎక్కుతానని పొద్దున్నుంచి ఒకటే ఏడుపు.

మహిపాల్‌ది అతి జాగ్రత్త. మడికొండలో కొత్తగా కట్టుకున్న ఇల్లే అయినా ఫ్యాన్ కొక్కేన్ని నమ్మలేదు. స్లాబుకు డ్రిల్లు కొట్టి బోల్టులు బిగించాడు. తాళ్లు పట్టుకుని తానే వేలాడి చూశాడు. కింద రెండు పరుపులు పరిచాడు. అయినా వేలాడటం వేరు, ఊగడం వేరు కదా! పిల్ల కూర్చునే చెక్క మీద తను పట్టడు.

పోశవ్వ ఆరిన బట్టలు తేవడానికి మేడెక్కగానే మహిపాల్‌కు మూలనున్న బెల్లం బస్తా కనబడింది. సరిగ్గా కావ్య అంత బరువు, మొన్ననే మొక్కు కోసం తూచి తెచ్చారు. దాన్ని చెక్క మీద కట్టి ఊపాడు. బోల్టు కదల్లేదు. మహిపాల్‌కు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడే దిగొచ్చిన పోశవ్వ బట్టలు కింద పడేసి దండం పెట్టింది.

"బెల్లమే కదనే అవ్వా," అన్నాడు మహిపాల్.

"మేడారం తల్లి మొక్కురా అది. తల్లికిచ్చే బెల్లం బెల్లం కాదు, బంగారం. తల్లి ఊగిన ఉయ్యాల మనుషులు ఎక్కద్దు."

దించనా అంటే, ఊగుతున్న తల్లిని దించుతారా అంది. ఆపనా అంటే అలుగుతుందంది. మేడారం పోయేది ఆదివారం, ఇవాళ మంగళవారం. అన్నాళ్లూ ఊపాలా? ఏం చేయాలో తోచక మహిపాల్ ఒంటి చేత్తో ఊపుతూనే నిలబడ్డాడు.

కావ్య పరుపు మీద పడి వెక్కింది. "నా ఉయ్యాల తల్లికి ఎందుకిచ్చినవ్ నాయినా?"

పోశవ్వ మనవరాలి ఏడుపు చూడలేకపోయింది. కానీ అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆమె పుట్టినప్పట్నుంచీ ఎరగదు. కాసేపు అటూ ఇటూ చూసింది. ఉన్నట్టుండి కొప్పు విప్పుకుని ఊగసాగింది. గొంతు మారిపోయింది.

"దించురా నా బంగారాన్ని. ఎక్కియ్యి బిడ్డను."

పూనకాలంటే నవ్వే మహిపాల్ చెంపలేసుకున్నాడు. తప్పయింది తల్లీ అంటూ బస్తా దించి, పిల్లను ఎక్కించి, కొబ్బరికాయకని దుకాణానికి పరుగెత్తాడు.

పోశవ్వ కొప్పు ముడుచుకుని, ఉయ్యాల మెల్లగా ఊపుతూ మనవరాలి చెవిలో అంది: "మీ నాయినకైతే చెప్పకు బిడ్డా."